మట్టికిచ్చినది

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి అమ్మా తమ్ముడూ చెరో దిక్కూ చూస్తున్నారు.

అమ్మ కందికాయలు ఒలుస్తోంది. బిజేంద్ర గుమ్మంలో కూచుని బూట్లకంటిన మట్టిని పుల్లతో గీకుతున్నాడు. వాడి పెళ్ళాం కాంత వంటింట్లో ఉంది గానీ గిన్నెల చప్పుడు లేదు. అంటే చెవులు ఇటే పారేసిందన్నమాట.

"మిగతా గడ్డ ఏం చేశారు?" అని అడిగాను.

తెలుగులో ఎక్కలేదేమోనని హిందీలోనూ అడిగాను. మా ఇంట్లో కొట్లాటలన్నీ హిందీలోనే నడుస్తాయి. అమ్మకి నిజంగా కోపమొచ్చినప్పుడు మాత్రం తెలుగు దిగుతుంది. ఇవాళ ఆవిడకి ఏ భాషా రాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేసింది పక్కింటివాళ్ళా? రాజధాని సువా నుంచి డాక్టర్ షీలా. పోయిన నెల కాంత కడుపులోంచి తీసిన గడ్డని, ముక్కలుగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చదివే మనిషి. మిలిటరీవాళ్ళు గద్దెనెక్కిన దగ్గర్నుంచీ ఉన్న డాక్టర్లంతా సిడ్నీకో ఆక్లాండ్‌కో ప్రయాణం కట్టారు. ఈవిడ కట్టలేదు, అది మా అదృష్టం. అంత పనిలో ఉన్నావిడ తనంతట తాను ఫోన్ చేసిందంటే ఊరికే చేస్తుందా?

ఆవిడ చెప్పింది ఇదీ. ఈ జాతి గడ్డని బోర్డర్‌లైన్ అంటారట. మంచిదని వదిలెయ్యడానికి లేదు, క్యాన్సరని తేల్చెయ్యడానికీ లేదు. అండాశయం పొర మీద కణాలు వరస మీద వరస పేరుకుని చిన్నచిన్న మొగ్గల్లా లేచాయి. క్యాన్సరైతే అవి కింది కండలోకి దూరతాయి. ఇవి దూరలేదు, ఆవిడ చూసినంతలో.

ఆ "చూసినంతలో" దగ్గరే ఉంది తంటా అంతా. ఇక్కడి ఆస్పత్రి నుంచి సువాకి వెళ్ళినవి గుప్పెడు ముక్కలే. వాటిలో ఒకదాంట్లో మొగ్గలు మరీ దట్టంగా, సన్నగా ఉన్నాయి. అలాంటిది కనబడితే గడ్డ మొత్తం కోసి చూశాక గానీ మాట చెప్పకూడదట. మిగతాది పంపమని ఆస్పత్రికి కబురు పెడితే, ఇంటివాళ్ళు అడిగి పట్టుకుపోయారని జవాబొచ్చింది.

ఇంటివాళ్ళంటే ఇంకెవరు, మేమేగా. నాకు తెలియకుండా ఈ ఇంట్లో ఉప్పు డబ్బా కూడా చోటు మారదనుకున్నాను ఇన్నాళ్ళూ.

నేను బడిలో లెక్కలు చెప్తాను. నా పిల్లలకి జవాబు తప్పన్నా ఉంటుంది, ఒప్పన్నా ఉంటుంది. మధ్యలో ఉండే జవాబుని ఎలా భరించాలో నాకెవరూ నేర్పలేదు. నెల రోజులుగా ఈ ఇంట్లో అందరం ఆ మధ్యలోనే బతుకుతున్నాం. ఒకళ్ళకీ సరిగ్గా తిండి సయించడం లేదు, కూచున్నవాళ్ళు కూచోలేరు, నించున్నవాళ్ళు నించోలేరు.

వచ్చే మంగళవారం రెండో ఆపరేషన్. పెద్ద డాక్టరు ముందే తేల్చేశాడు. షీలా దగ్గర్నుంచి ఖాయంగా మాట రాకపోతే రెండో అండాశయం, గర్భసంచీ అన్నీ తీసేస్తానన్నాడు, అనుమానం లోపల పెట్టి కుట్లు వెయ్యలేనన్నాడు. ఆయన మాటా తప్పు కాదు. గడ్డ అంతా చూసి ఎక్కడా కిందికి దూరలేదని షీలా అంటే మాత్రం రెండోవైపు ముట్టుకోరు. కాంతకి పిల్లలు పుట్టడానికి దారుంటుంది. లేదంటే ముప్ఫై నిండీ నిండకుండానే ఆ తలుపు మూసేసినట్టే.

"నదిలో కలిపించేశాను," అంది అమ్మ, కాయల మీంచి తలెత్తకుండా.

"ఏం కలిపించావు?"

"అదే. ఆస్పత్రిలో అడిగితే ఇచ్చారు. ముక్కలు పంపేశాం, మిగతాది మాకెందుకన్నారు. నదిలో కలిపెయ్యమని వీడితో చెప్పాను."

ఇంక నేనెక్కడ ఆగుతాను. ఒంటికాలి మీద లేచాను. నోటికొచ్చినవన్నీ అన్నాను, అనకూడనివీ కొన్ని అన్నాను. ఆస్పత్రివాళ్ళకి బుద్ధి లేకపోతే నీకేమైందన్నాను. అమ్మ అన్నీ వింది. చివరికి గింజల పళ్ళెం పక్కన పెట్టి తెలుగులోకి దిగింది.

"మా నాన్నకి ఇక్కడి పెనాంగ్ మిల్లు దగ్గర చెరకు కోస్తూ కోస్తూ తన కత్తికే వేలు తెగింది. మా అవ్వ ఆ వేలు వెతికి తెచ్చి, పసుపు రాసి మట్టిలో పెట్టింది. మనిషి ఒంట్లోంచి వచ్చింది మట్టికో నీళ్ళకో పోవాలి. సీసాలో పోసి దాచుకోడానికి అదేమన్నా ఊరగాయా?"

ఊరగాయైతే కనీసం నన్నడిగి జాడీ తెప్పించుకునేదానివన్నాను.

బిజేంద్ర లేచాడు. అయిపోయినదానికి ఎందుకక్కా ఈ గొడవ, వదిలెయ్యమన్నాడు. వాడి చూపు గేటు దాటి వెళ్ళిపోయింది. ఇంట్లో గొంతులు లేస్తే చాలు, పక్కింటి చాప మీద యంగోనా వేరు కలిపిన నీళ్ళు తాగే గుంపులో కూచోవాలి వాడికి. కొబ్బరిచిప్ప మీద చిప్ప తాగి, నాలుక మొద్దుబారాక వస్తాడు. ఇంకేం మాట్లాడక్కర్లేదు.

"కూచో," అన్నాను. "నదిలో ఎక్కడ కలిపావు?"

"సముద్రం కలిసేచోట."

"పంపు దగ్గర," అంది అమ్మ, అదే క్షణంలో.

ఒక లెక్కకి రెండు జవాబులొస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాను. అమ్మ మళ్ళీ పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది, ఒలిచిన గింజల్నే మళ్ళీ ఒలుస్తోంది.

అప్పుడు కాంత వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఒక చెయ్యి పొట్ట మీదే ఉంది, ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ అంతే.

"నదిలో లేదు వదినా," అంది.

నువ్వు లోపలికి పోవే అని అమ్మ కసిరింది. కసిరినట్టు లేదు అది, బతిమాలినట్టుంది. కాంత కదల్లేదు. నెమ్మదిగా వచ్చి నా ఎదురుగా కూచుంది.

ఈ పిల్లది అవతలి దీవిలో వాయినికోరో అనే ఊరు. చెరకు పొలాల్లో పుట్టి పెరిగింది. మాటలు బహు పొదుపు. నాకు నోరెక్కువ, తనకి నోరే లేదని ఊళ్ళో అంటారు, రెంటినీ కలిపి పంచితే ఇద్దరు మామూలు ఆడవాళ్ళొస్తారట.

ముందు డాక్టరు ఏమందో మొత్తం చెప్పమంది. చెప్పాను. మొగ్గలూ, పొరలూ, కిందికి దూరడాలూ, నాకర్థమైనంత. పేగుల మీది కొవ్వులో దొరికిన గింజల సంగతీ చెప్పాను. అవి ఊరికే పైన అతుక్కున్నవేననీ, లోపలికి పోలేదనీ షీలా తేల్చేసింది.

"అంటే తీగ నేల మీద పాకి ఊరుకుందా, కణుపు కణుపుకీ వేళ్ళు దించిందా అని," అంది కాంత. "పాకింది ఎత్తితే వచ్చేస్తుంది. వేళ్ళు దించితే చేనంతా దున్నాలి."

"అదే."

"కొవ్వు మీదివి పాకినవే. గడ్డ సంగతి తెలియాలి."

"అది తెలియాలంటే గడ్డ ఉండాలి కదా," అన్నాను. నా గొంతు మళ్ళీ లేచింది.

"ఉంది. నారుమడి వెనకాల ఉంది. నేనే తెమ్మన్నాను, నేనే పాతిపెట్టించాను. అత్త నన్ను కాయడానికి నది మాట చెప్పింది."

అత్త నన్ను కాయడానికి. ఈ మాట నేను సరిగ్గానే విన్నానా అనిపించింది. పెళ్ళై ఇన్నేళ్ళైనా కడుపు పండలేదని ఈ పిల్లని మా అమ్మ అననిమాట లేదు. పండక్కి అనేది, పెళ్ళికి వెళ్ళొస్తే అనేది, మేక ఈనితే కూడా అనేది. కోడలు పళ్ళెం చప్పుడు చేస్తే అత్త తలుపు చప్పుడు చేసేది. ఈ ఇద్దరూ కలిసి నా కళ్ళు కప్పారా?

"ఎందుకు?" అన్నాను.

బిజేంద్ర మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మీరందరూ గడ్డంటారు వదినా. స్కాన్ తీసిందాకా నాకది గడ్డ కాదు. నెల తప్పింది, పొట్ట లేచింది. అత్త నాకు చింతకాయ పచ్చడి చేసి పెట్టింది. నువ్వు ఉన్ని కొన్నావు. రోజూ వంకాయలు కోస్తూ దాంతో మాట్లాడేదాన్ని. స్కాన్ తీసినావిడ ఇందులో బిడ్డ లేదు అని చెప్పింది, నేనూ విన్నాను, తెలిసింది. తెలిస్తే మాత్రం? మాట్లాడినవి ఎక్కడికి పోతాయి?"

నేను ఉన్ని కొన్నమాట నిజమే. పచ్చరంగు ఉన్ని. ఆ తర్వాత బీరువాలో ఎక్కడికో తోసేసి మర్చిపోయాను.

"ఆపరేషనయ్యాక వచ్చినవాళ్ళంతా పీడ వదిలింది అన్నారు. ఒక్కళ్ళన్నా ఏడవలేదు. నేను ఏడిస్తే బాగైపోయావు కదా ఎందుకేడుస్తావన్నారు. అది అక్కడ బక్కెట్లో ఉంది, పారబోస్తారని నర్సు అంది. పారబొయ్యనివ్వలేకపోయాను."

అమ్మ పళ్ళెంలోకి చూస్తూనే అందుకుంది. పాలుతాగే పిల్లల్ని మనం కాల్చం, మట్టిలో పెడతాం కదా, అలాగే చేశామంది. పాలు తానే పోసిందట. కోడలు అడిగితే వద్దనడానికి నోరు రాలేదట, ఇన్నాళ్ళూ తాను అన్నవన్నీ గుర్తొచ్చి.

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోడానికి సిగ్గేముంది, ముగ్గురి ముందూ బావురుమన్నాను. నేను రోజూ బడికి పోయి వచ్చి, ఇంటిని నేనే మోస్తున్నానని అందరికీ చెప్పుకు తిరుగుతూ ఉంటే, వీళ్ళు పెరట్లో ఒక బిడ్డని సాగనంపారు, నన్ను పిలవకుండా. గడ్డ సంగతి పక్కన పెడితే, నన్ను పిలవలేదన్న బాధే ముందు తన్నుకొచ్చింది. మనిషి బుద్ధి ఇంతే కాబోలు.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ సువాకి ఫోన్ కలిపాను.

షీలా మొత్తం వింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆస్పత్రిలో కండ చెడకుండా పోసే మందునీళ్ళలో ఎన్నాళ్ళు ఉందని అడిగింది. వారం పైనే అన్నాను. ఆ నీళ్ళు ఉన్నాయా పారబోశారా అంది. కాంతని అడిగితే, ఆ వాసన పిల్లలకి పడదని పారబోసి, పసుపునీళ్ళతో కడిగి, తన పాత చీరముక్కలో చుట్టి, ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి మూత బిగించానంది. ఆ మాట అలాగే ఫోన్లో చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. కడిగి డబ్బాలో పెట్టాం అని మాత్రం చెప్పాను.

మందు ఒకసారి లోపలిదాకా పడితే కండ అంత తొందరగా చెడదంది ఆవిడ. బయటి అంచు పోయుండొచ్చు, లోపల ఇంకా చదవడానికి వీలుండొచ్చు. దారిలో ఆస్పత్రిలో మందునీళ్ళు పోయించుకుని ఈ సాయంత్రానికల్లా తెమ్మంది, తాను కూచుంటానంది.

"తెస్తే చూస్తాను. మాట మాత్రం ఇవ్వలేను," అంది చివరికి.

ఆ సంగతి ఇంట్లో చెప్పగానే అసలు కొట్లాట మొదలైంది.

మట్టికిచ్చింది మళ్ళీ అడక్కూడదంది అమ్మ. చచ్చినా తవ్వనివ్వనని నారుమడి దారికి అడ్డంగా నించుంది. పాత బూర్నీసు దుప్పటి భుజాన వేసుకుని, అంత ఎండలో. నీ మూఢనమ్మకాలకి ఈ పిల్ల బతుకు బలిపెడతావా అన్నాను. ఆవిడకి నమ్మకం కాదు అది, భయం. ఆ భయం ఎవరికోసమో తర్వాతి మాటతో గానీ నాకు తెలియలేదు.

"పోయినదాన్ని లేపితే రాబోయేది రాదే విమ్లా," అంది.

"లేపకపోతే రావడానికి చోటే ఉండదమ్మా," అన్నాను.

ఇద్దరం ఆగిపోయాం. ఇద్దరం అడుగుతున్నది ఒకటేనని అర్థమయ్యాక అరవడానికి ఊపిరి లేదు. అమ్మ సరేననలేదు, అలాగని అడ్డమూ నిలబడలేదు. పక్కకి జరిగి కంచె పట్టుకుంది.

బిజేంద్రని తవ్వమన్నాను. వాడు పార చేతిలోకి తీసుకుని, మళ్ళీ గోడకి ఆనించేశాడు. పొద్దున లేస్తే మట్టిలో పనిచేసేవాడు, పాము కనబడినా బెదరడు.

"నావల్ల కాదక్కా. పాతింది నేనే కదా. ఎలా పెట్టానో నాకు తెలుసు," అని క్యారియర్ తీసుకొస్తానని వెళ్ళిపోయాడు. పంట పెట్టెలు మోసే ఆ బండి ఎక్కడికీ పోలేదు, ఇంటి ముందే ఉంది. వాణ్ణి ఏమీ అనలేకపోయాను.

బడికి కట్టుకున్న చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను. కాంత వచ్చి మడి గట్టు మీద కూచుంది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఎండలో కూచోవద్దంటే వినలేదు. చోటు తానే చూపించింది. పైన రాయి లేదు, చెట్టు లేదు, ఏదీ లేదు. తను చెప్పకపోతే ఎవరికీ దొరకదు.

"చెప్పులు విప్పు," అంది అమ్మ, కంచె దగ్గర్నుంచే.

విప్పాను.

నేల మెత్తగానే ఉంది. వాడు లోతుగా పాతాడు, మంచి పనివాడు కదా. నాకు అలవాటు లేని పని, అరచేతులు మండిపోతున్నాయి, తిట్టుకుంటూ తవ్వుతున్నాను. ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియదు. ఆస్పత్రిని, అమ్మని, అసలు ఈ బోర్డర్‌లైన్ అనే మాట కనిపెట్టినవాణ్ణి. పార ప్లాస్టిక్కుకి తగిలినప్పుడు కాంత "మెల్లగా" అంది.

చేతుల్తో మట్టి తీసి డబ్బా పైకెత్తాను. మూత మీద వెనిల్లా బొమ్మ ఇంకా చెరగలేదు. మూత తియ్యబోతే కాంత చెయ్యి అడ్డం పెట్టింది. డబ్బా తన కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు దగ్గరకొచ్చింది అమ్మ. ముట్టుకోలేదు. చూసి, గుంట పూడ్చమని నాతో చెప్పి ఇంట్లోకి పోయింది. పూడ్చాను.

బండిలో ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూచున్నాం, కాంత మధ్యలో, డబ్బా తన ఒళ్ళో. బిజేంద్ర ఇంజన్ వేశాడు గానీ కదిలించలేదు. కాంత ఏదో అడగబోతోందని వాడికీ తెలిసినట్టుంది.

"అక్కడ దీన్నేం చేస్తారు వదినా?"

ఫోన్లో షీలాని అడిగి తెలుసుకున్నాను నేను. ముందు పలకలు పలకలుగా కోస్తారు. ఒక్కో పలకనీ మైనంలో పెట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా చెక్కుతారు. ఆ పొరల్ని అద్దం మీద పరిచి రంగు వేసి చూస్తారు. అదే చెప్పాను.

"మొత్తమా?"

"ఈసారి మొత్తం చూడాలంది."

"చూశాక మనకిస్తారా?"

"ఇస్తారులే," అన్నాడు బిజేంద్ర, స్టీరింగ్ కేసి చూస్తూ.

వాడు అలా అనకపోతే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకునేదాన్నేమో. సువా దాకా ఆ అబద్ధం ఒళ్ళో పెట్టుకుని వెళ్ళనివ్వడానికి మనసొప్పలేదు. ఇప్పటికే అందరూ కలిసి ఈ పిల్లకి చాలా మాటలు చెప్పారు.

"మళ్ళీ పాతిపెట్టడానికి ఏమీ మిగలదు కాంతా," అన్నాను.

ఏడవలేదు. డబ్బా మూత మీద చెయ్యి అలాగే ఉంచి కూచుంది. వాకిట్లో అమ్మ నిలబడి మా బండి ఎందుకు కదలడం లేదా అని చూస్తోంది. బిజేంద్ర ఇంజన్ ఆపుదామా అన్నట్టు తాళంచెవి మీద చెయ్యి వేశాడు. దిగిపోతానంటే నేనేం చెయ్యను? లాక్కుని వెళ్ళగలనా? షీలా అక్కడ కూచుని ఉంటుంది, మంగళవారం ఎవరికోసమూ ఆగదు.

కాంత డబ్బా ఎత్తి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వు పట్టుకో వదినా," అంది. "నా ఒళ్ళో ఉంటే ఊరి చివర వంతెన దాకా కూడా రాను, మధ్యలోనే దిగిపోతాను. నేను అడిగినా ఇవ్వకు."

బండి కదిలింది. గేటు దాటకముందే చెయ్యి చాపి అడిగింది.